ఊరికే

బయల్దేరిన మనిషిని 'ఎక్కడికి?' అని అడగకూడదంటారు మా ఇంట్లో. అడిగితే పోయిన పని కాదట. అందుకని 'దూరమా?' అంటారు. మాట మారింది కానీ అడిగేది అదే, ఏ పని మీద పోతున్నావని. దానికి ఊరి పేరో, ఆఫీసు పేరో, కనీసం కిరాణా కొట్టు పేరో జవాబుగా రావాలి. 'ఊరికే' అంటే ఎవరూ నమ్మరు. ఏదో దాస్తున్నాడనుకుంటారు, లేదంటే పనీపాటా లేనివాడనుకుంటారు.

పని లేకుండా తిరగడాన్ని తిట్టడానికి తెలుగులో చాలా మాటలున్నాయి. బలాదూరు, జులాయి, గాలి తిరుగుడు, దేశదిమ్మరి. మర్యాదగా చెప్పే మాటల కోసం వెతికితే నాకు రెండు తగిలాయి: షికారు, వాహ్యాళి. షికారు పార్సీ నుంచి వచ్చింది, అసలు అర్థం వేట. వాహ్యాళి సంస్కృతం నుంచి వచ్చింది, దాని వెనక ఉన్నది గుర్రపు స్వారీ. అంటే పని లేకుండా తిరగడం గౌరవంగా కనబడాలంటే కింద గుర్రమో చేతిలో తుపాకో ఉండాలన్నమాట. సైకిలు మీద ఊరికే తిరిగేవాడికి మన నిఘంటువులో చోటు లేదు.

నేను ఏడేళ్ళుగా ఆ పనే చేస్తున్నాను. సియాటిల్ పక్కన బాథెల్ అనే చిన్న ఊళ్ళో ఉంటాం. వారంలో ఐదు రోజులు కోడు, మీటింగులు, ఎవరో రాసిన కోడులో బగ్గులు. శనివారం పొద్దున మాత్రం సైకిలు బయటికి తీసి ఇంటి దగ్గరి చిన్న వంతెన దాటితే చాలు, కార్లు రాని దారి మొదలవుతుంది. అక్కడ రెండు దారులు కలుస్తాయి. ఒకటి నది వెంట దక్షిణానికి పోయే సమామిష్ రివర్ ట్రెయిల్. దాదాపు 10 మైళ్ళు పోతే రెడ్‌మండ్‌లో మేరీమూర్ పార్కు వస్తుంది. రెండోది బర్క్-గిల్మన్ ట్రెయిల్. అది పడమటికి తిరిగి, లేక్ వాషింగ్టన్ ఒడ్డు పట్టుకుని చెట్ల కింద నుంచి యూనివర్సిటీ దాకా, ఆ తర్వాత గ్యాస్ వర్క్స్ పార్కు దాకా, ఇంకా అవతలికి పోతుంది.

రెండు దారుల స్వభావాలు వేరు. నది దారి బయలు. అటూ ఇటూ గడ్డి, ఆటస్థలాలు, దూరంగా ద్రాక్ష సారా అమ్మే దుకాణాలున్న ఊరు. రోడ్లు అడ్డం వచ్చినచోట దారి చాలావరకు వంతెన కిందనుంచి దూరిపోతుంది కాబట్టి సిగ్నలు దగ్గర ఆగాల్సిన పని ఉండదు. ఆకాశం తేటగా ఉన్న రోజు ఎదురుగా మంచు కప్పుకున్న రెయినియర్ కొండ కనిపిస్తుంది. సరస్సు దారి నీడ. దేవదారు జాతి చెట్లు, ఆల్డర్లు, విస్తరంత ఆకులుండే మేపుల్ చెట్లు. ఇళ్ళ మధ్య సందుల్లోంచి నీళ్ళు కనిపించి మాయమవుతుంటాయి. చెట్ల వేర్లు అక్కడక్కడ తారును పైకి లేపుతాయి, సైకిలు చిన్నగా ఎగిరిపడుతుంది.

వేసవి మొదట్లో కాటన్‌వుడ్ చెట్ల దూది గాలిలో తేలుతుంటుంది, మనవైపు బూరుగు కాయలు పగిలినప్పటిలాగే. ఆగస్టులో దారి పక్కన ముళ్ళ పొదల నిండా నల్లటి బ్లాక్‌బెర్రీలు. జనం సైకిళ్ళు పక్కన పడేసి, మూతులు ఊదారంగు చేసుకుని తింటుంటారు. వాటిని ఇక్కడ హిమాలయన్ బ్లాక్‌బెర్రీ అంటారు. అసలు పుట్టింది అర్మేనియా, ఉత్తర ఇరాన్ ప్రాంతాల్లో. లూథర్ బర్బ్యాంక్ అనే మొక్కల వ్యాపారి 1885 ప్రాంతంలో 'హిమాలయ' పేరుతో అమెరికాలో ప్రచారంలోకి తెచ్చాడు. ఇప్పుడది ఎంత పీకినా పోని కలుపు. ఎవరో పెట్టిన తప్పుడు చిరునామాతో వచ్చి, ఇక్కడ పాతుకుపోయిన ఆ మొక్క మీద నాకు కొంచెం అభిమానం.

ఈ దారుల్లో వేగ పరిమితి గంటకు 15 మైళ్ళు. ఒంటికి అతుక్కునే బట్టలు వేసుకుని బాణాల్లా పోయేవాళ్ళు ఆ పరిమితిని పెద్దగా పట్టించుకోరు. వెనక నుంచి గంట కొట్టి, 'ఎడమ పక్కనుంచి వస్తున్నా' అని అరిచి దాటిపోతారు. దాటిపోనివ్వడమే నా పద్ధతి. ఫోన్లో దూరాన్నీ వేగాన్నీ కొలిచే యాప్ ఒకటుండేది. తీసేశాను. వారమంతా ప్రతి పనికీ గ్రాఫు గీసి చూపించేవాడికి ఒక్క పనైనా గ్రాఫు లేకుండా మిగలాలి.

ఇక్కడ నాకు నచ్చేది వేగం కాదు, నిర్భయం. మా ఆవిడ సైకిలు నేర్చుకున్నది 31వ ఏట, ఈ నది దారి మీదే. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో అన్నకు సైకిలు కొన్నారు, తనకు కొనలేదు. పెద్దయ్యాక హైదరాబాదులో నేర్చుకుందామంటే, తడబడడానికి చోటేదీ? బస్సుల మధ్య ఎవరూ తడబడలేరు. ఇక్కడ రెండు శనివారాలు తడబడింది, ఒకసారి గడ్డిలో పడింది, మూడో వారం మేరీమూర్ దాకా వచ్చింది. చుట్టూ ఎనభై ఏళ్ళవాళ్ళు, మూడు చక్రాల సైకిలు తొక్కే పిల్లలు, పేర్లు పెట్టి కుక్కల్ని పిలుచుకునేవాళ్ళు, మన 'ఏమండీ, ఆగండీ' కూడా వినిపిస్తుంది. వెనక నుంచి ఏదీ వచ్చి గుద్దదని ఒంటికి తెలిశాక గానీ కళ్ళు పక్కకు చూడవు. తీరికంటే ఖాళీ సమయమే అనుకునేవాణ్ణి. దానికి ఖాళీ జాగా కూడా కావాలి.

ఆ జాగా ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమయ్యేలా చెప్పింది మా నాన్న.

నాన్న రైల్వేలో కీమన్‌గా చేసి రిటైరయ్యాడు, డోర్నకల్ వైపు. కీమన్ అంటే తెలియనివాళ్ళ కోసం: రోజూ తన బీటులో ఉన్న లైనంతా నడిచి చూసే మనిషి. భుజాన సుత్తి, స్పానరు, ఎర్రజెండా, పచ్చజెండా. ఊడిన క్లిప్పుంటే కొట్టి బిగించాలి, పట్టా పగిలితే బండి ఆపాలి. పోయేటప్పుడు ఒక పట్టా, వచ్చేటప్పుడు రెండో పట్టా చూసుకుంటూ రావాలి. ఎండాకాలంలోనూ అంతే, వానలోనూ అంతే. డ్యూటీకి పోవడానికి ఆయనకో అట్లాస్ సైకిలుండేది. నేను ఇంజినీరింగులో చేరిన ఏడాది దాన్ని అమ్మేసి మోపెడ్ కొన్నాడు. ఆ రోజు ఇంట్లో సేమియా పాయసం వండారు. మాలాంటి ఇళ్ళల్లో సైకిలంటే వదిలించుకోవాల్సిన వస్తువు.

రెండు వేసవుల కిందట ఆయన ఇక్కడికొచ్చి ఐదు నెలలున్నాడు. మొదటి పదిహేను రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాడు. సైకిలు తొక్కుదాం రమ్మంటే నవ్వాడు. "పనికి పోయేటోళ్ళకి సైకిలుగానీ, పనిలేనోడికి ఎందుకురా?" అన్నాడు. చివరికి మనవరాలి పోరు పడలేక ఒక శనివారం వచ్చాడు. అద్దెకు తెచ్చిన సైకిలు సీటు కిందికి దించి, సరస్సు దారి పట్టాం. మైలున్నర పోయాక ఆయన ఆగిపోయాడు. కాళ్ళు నొప్పేమో అనుకున్నాను. వెనక్కి తిరిగి వచ్చిన దారి చూస్తున్నాడు.

"ఇది లైను పోయిన జాగారా" అన్నాడు.

"ఎలా తెలిసింది?"

"ఇంత సాపుగా ఉంది, మిట్టాపల్లం లేదు. వందకొకటి కూడా ఎక్కదు. ఆ మలుపు చూడు, బండి తిరిగే మలుపు అది, మనిషి తిరిగేది కాదు. ఆ కట్ట చూడు. మనుషులు నడవటానికి ఇంత కట్ట ఎవడేస్తాడు?"

నేను ఏడేళ్ళుగా తొక్కుతున్న దారి. అది పాత రైలు దారని బోర్డుల మీద చదివాను. ఆయన బోర్డు చదవలేదు, కట్టను చదివాడు. థామస్ బర్క్ అనే జడ్జి, డేనియల్ గిల్మన్ అనే పెట్టుబడిదారు కలిసి 1885లో సియాటిల్, లేక్ షోర్ అండ్ ఈస్టర్న్ అనే రైల్వే మొదలుపెట్టారని, అడవుల నుంచి కలప, కొండల నుంచి బొగ్గు మోసేదని, కంపెనీలు చేతులు మారి 1971లో ఇక ఈ లైను అక్కర్లేదని వదిలేశారని చెప్పాను. ఆయన శ్రద్ధగా విని ఒక్కటే అడిగాడు: "మరి గ్యాంగోళ్ళు ఏమయ్యారు?"

జవాబు నా దగ్గర లేదు. దారికి జడ్జి పేరుంది, పెట్టుబడిదారు పేరుంది. కంకర పోసినవాళ్ళ పేర్లు దారి మీద ఎక్కడా లేవు.

ఆ తర్వాత ఆయన రావడం మానలేదు. మొదట్లో నేల మీదే చూపు పెట్టి తొక్కేవాడు. ముప్పై ఏళ్ళు పట్టా వంక చూసి నడిచిన మెడ అది. వేర్లు లేచినచోట ఆగి, కాలితో తట్టి చూసి, "ఇది ఎవరికన్నా చెప్పాలి" అనేవాడు. ఫోటో తీసి కౌంటీవాళ్ళకు పంపించేవాణ్ణి. మూడో వారమో నాలుగో వారమో, నది దారిలో ఒక బూడిదరంగు కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంటే ఆగాడు. పది నిమిషాలు చూశాడు. అది చేపను పట్టలేదు, ఎగరలేదు. ఏమీ చేయలేదు. "దీనికీ డ్యూటీ లేదు" అన్నాడు. ఆ సోమవారం నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే, మొహమాటంగా, "నేనొక్కణ్ణే పోవచ్చా?" అనడిగాడు. వెళ్ళేటప్పటికి మిగిలింది మూడు నెలలు. వాన పడని ప్రతిరోజూ పోయాడు.

నదికీ ఓ కథ ఉంది. ఈ సమామిష్ నది ఒకప్పుడు మెలికలు తిరుగుతూ, చిత్తడి నేలల్లో పరుచుకుంటూ పారేది. లేక్ వాషింగ్టన్ నుంచి సముద్రానికి ఓడల కాలువ తవ్వినప్పుడు, 1916లో, సరస్సు మట్టం దాదాపు 9 అడుగులు పడిపోయింది. నది చుట్టూ ఉన్న చిత్తడి ఎండింది. 1960ల్లో వరదలు రాకుండా నదిని లోతుగా తవ్వి, తిన్నగా చేశారు. చెట్ల నీడ పోయి, ఎండాకాలంలో నీళ్ళు వేడెక్కి, ఎదురీదే సాల్మన్ చేపలకు ఇప్పుడు కష్టంగా ఉంది. ఒడ్డున మళ్ళీ చెట్లు నాటుతున్నారు. మొత్తానికి వంకర్లు పోవాల్సిన నది తిన్నగా పోతోంది, తిన్నగా పోవాల్సిన పట్టాలు సరస్సు ఒడ్డుకు తగ్గట్టు వంకర్లు పోయాయి. ప్రకృతి ఒడిలో సేదదీరుతున్నామని ఇన్‌స్టాగ్రామ్‌లో రాసుకుంటాం గానీ, ఆ ఒడి ఇంజినీర్లు గీసింది. అటు చివర గ్యాస్ వర్క్స్ పార్కు మరీ నిజాయితీగా ఉంటుంది. 1906 నుంచి 1956 దాకా గ్యాస్ తయారుచేసిన కర్మాగారం అది. రిచర్డ్ హాగ్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ దాన్ని పార్కుగా మార్చినప్పుడు తుప్పుపట్టిన గోపురాలను కూలగొట్టకుండా ఉంచేశాడు. 1975లో జనానికి తెరిచారు. పిల్లలు గాలిపటాలు ఎగరేసే గుట్ట పక్కనే ఆ ఇనుము నిలబడి ఉంటుంది. నాన్నకు సియాటిల్ మొత్తంలో బాగా నచ్చింది అదే.

ఇక ఈ దారి ఊరికే వచ్చిందా అంటే, రాలేదు. టీవీలో నగల షాపాయన డబ్బుల గురించి రోజూ చెప్పే మాట దారులకూ వర్తిస్తుంది. 1971లో లైను వదిలేస్తున్నారని తెలియగానే చుట్టుపక్కల జనం దాన్ని నడక దారిగా, సైకిలు దారిగా చేయమని అడిగారు. పక్కనే ఇళ్ళున్నవాళ్ళలో చాలామంది వద్దన్నారు. తమ పెరళ్ళ వెనక ముక్కూమొహం తెలియని మనుషులు తిరుగుతారని, దొంగతనాలు పెరుగుతాయని, ఇళ్ళ ధరలు పడిపోతాయని వాళ్ళ భయం. పనిలేకుండా తిరిగేవాడంటే అనుమానం మన భాషకే పరిమితం కాదన్నమాట. చివరికి 1978లో దాదాపు 12 మైళ్ళ దారి తెరిచారు. 1987లో సియాటిల్ నగర ఇంజినీరింగు విభాగం లెక్కతీస్తే నేరాలు పెరగలేదు, దారికి దగ్గర్లోని ఇళ్ళు సుమారు 6 శాతం ఎక్కువ ధర పలికాయి. అంతటితో గొడవ అయిపోయిందా అంటే అదీ లేదు. బాలర్డ్ అనే పేటలో మైలున్నర కూడా లేని ఒక ముక్క కోసం పరిశ్రమలకీ సైకిలువాళ్ళకీ ఇరవయ్యేళ్ళకు పైగా వ్యాజ్యాలు నడిచాయి.

దేశం మొత్తానికి ఒక చట్టం కూడా చేయాల్సి వచ్చింది. రైల్వే ఒక లైనును పూర్తిగా వదిలేస్తే చాలాచోట్ల ఆ భూమి పక్క ఆసాములకు చెందిపోతుంది. ముక్కలైన దారిని మళ్ళీ అతకడం ఎవరి తరమూ కాదు. అందుకని 1983లో ఒక సవరణ తెచ్చారు. లైనును వదిలేసినట్టు కాకుండా, ఎప్పుడైనా రైలు మళ్ళీ రావచ్చన్నట్టుగా జాగాను అట్టే పెడతారు. ఆలోగా జనం నడవొచ్చు, సైకిలు తొక్కొచ్చు. మా భాషలో చెప్పాలంటే డిలీట్ చేయకుండా ఆర్కైవ్ చేయడం. మేరీమూర్ నుంచి ఇసక్వా దాకా సరస్సు పక్కనుంచి పోయే 11 మైళ్ళ దారి అలా మిగిలిందే. దాని మీదా ఇళ్ళవాళ్ళకీ కౌంటీకీ ఏళ్ళ తరబడి కోర్టు గొడవలే. ఇలా ఎవరో మీటింగుల్లో కూర్చుని, పిటిషన్లు రాసి, లాయర్లకు డబ్బు కట్టి, విసుగు పుట్టేంత పని చేస్తే, నేను శనివారం పొద్దున పనిలేకుండా తిరుగుతున్నాను.

ఈ తీరికా, తరగతీ, సైకిలూ కలిసిన నవల ఒకటుంది. హెచ్.జి. వెల్స్ 1896లో రాసిన 'ది వీల్స్ ఆఫ్ ఛాన్స్'. టైమ్ మెషిన్ రాసిన వెల్సే. బట్టల దుకాణంలో పనిచేసే హూప్‌డ్రైవర్ అనే కుర్రాడు ఏడాదికొకసారి దొరికే పది రోజుల సెలవులో సైకిలేసుకుని ఇంగ్లండు దక్షిణానికి పోతాడు. దారిలో అతన్ని పెద్దింటివాడనుకుంటే పొంగిపోతాడు, అతనే అబద్ధాలు చెప్పి ఆ భ్రమను పెంచుతాడు. సెలవు అయిపోగానే మళ్ళీ గుడ్డలు మడతపెట్టడానికి వెనక్కి వస్తాడు. వెల్స్ కూడా చిన్నప్పుడు అలాంటి దుకాణంలో అప్రెంటిసు. నాలుగేళ్ళ తర్వాత, 1900లో, జెరోమ్ కె. జెరోమ్ తన పడవ ప్రయాణపు ముగ్గురు మిత్రుల్ని జర్మనీకి సైకిళ్ళ మీద పంపాడు. 'త్రీ మెన్ ఆన్ ది బమ్మెల్' మొదటి పుస్తకమంత నవ్వించదు. కానీ గమ్యం లేకుండా తిరిగిరావడానికి జర్మనులకు 'బమ్మెల్' అని ఒక మాట ఉందని, ఆ మాట కోసమే రాసినట్టుంటుంది. జెరోమ్ మనుషులకు తీరిక పుట్టుకతో వచ్చింది కాబట్టి వాళ్ళు దాన్ని ఎగతాళి చేయగలరు. హూప్‌డ్రైవర్‌కి పది రోజులే ఉన్నాయి కాబట్టి నవ్వులాటలో కూడా గుండె దడ వినిపిస్తుంది. రెండూ చదివాక నాకు దగ్గరగా మిగిలింది హూప్‌డ్రైవరే. మన కథల్లో సైకిళ్ళు చాలానే కనిపిస్తాయి. పోస్టుమేను సైకిలు, పాలవాడి సైకిలు, టీచరు సైకిలు. నేను చదివినంతలో అవన్నీ పని మీదే పోతుంటాయి.

పోయిన డిసెంబరులో హైదరాబాదు వెళ్ళినప్పుడు ఔటర్ రింగురోడ్డు పక్కన వేసిన సైకిలు ట్రాక్ చూశాను. 2023 అక్టోబరులో తెరిచారు. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల కప్పు. ఎండకు నీడ, రాత్రికి లైట్లు. మంచి ఆలోచన, నిజంగానే. కానీ నేను చూసిన పొద్దున చాలామంది సైకిళ్ళను కార్ల వెనక కట్టుకుని వచ్చారు. రోజూ సైకిలు మీద బతికేవాళ్ళు, వాచ్‌మన్లు, మేస్త్రీ కూలీలు, మామూలు రోడ్డు మీదే లారీల పక్కన ఒదిగి పోతున్నారు. మేరీమూర్‌లోనూ కార్ల వెనక సైకిళ్ళు కనబడతాయి, ఇక్కడివాళ్ళని ఎత్తిచూపడానికి కాదు. భయం లేని దారి దాకా పోవడానికి కూడా భయం లేని దారి కావాలి. గడప దాకా రాని తీరిక మళ్ళీ షికారే అవుతుంది, గుర్రం బదులు కారు, అంతే.

జాగా లేదనకండి. మనకు చెరువు కట్టలున్నాయి. మైళ్ళకొద్దీ కాలవ గట్లున్నాయి. వాటి మీద ఇరిగేషనువాళ్ళ జీపులు తిరిగే మట్టి దారులున్నాయి. గేజి మార్చినప్పుడు వదిలేసిన లైన్లూ ఉన్నాయి. నల్లమలలో దిగువమెట్ట వైపు మీటరుగేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చినప్పుడు రైలు దారే మారింది, పాత దొరబావి వంతెన స్తంభాలు అడవిలో ఒంటరిగా నిలబడిపోయాయి. అక్కడ సైకిలు దారి వెయ్యమని నేనడగను. అది పులుల అడవి, వాటి తీరిక వాటికుండాలి. కానీ ఊళ్ళ పక్కనున్న కట్టల సంగతి వేరు.

నాన్న ఇప్పుడు రోజూ పొద్దున మా ఊరి చెరువు కట్ట మీదికి పోతున్నాడట. సైకిలు మీదనా అని ఫోన్లో అడిగాను. "లేదు, నడిచే. సైకిలేసుకుని పోతే పెన్షను చాలట్లేదేమో అనుకుంటారు" అన్నాడు. కట్ట అవతలి వైపు పోయిన నెల ఎవరో ఇనుప కంచె వేశారట. దాని అవతల నడవనివ్వడం లేదు. "ఎవరి జాగా నాన్నా అది?" అనడిగితే, ఎమ్మార్వో ఆఫీసులో నక్షా తీయించమని అర్జీ పెట్టానన్నాడు. రెండుసార్లు తిరిగాడట. రేపు మళ్ళీ పోతాడట, మోపెడ్ మీద.